గోగ్రాసం: వరిచేనికీ గోశాలకూ గల సంబంధం

స్వామి దర్శనం చేసుకొని, తీర్థప్రసాదాలు స్వీకరించిన భక్తులు గోశాల వైపు నడవడం మన క్షేత్రాలన్నింటా కనిపించే ఆచారం. కొందరు అరటిపండ్లు తెస్తారు. కొందరు బెల్లపుముక్క తెస్తారు. చాలామంది తమకు లభించిన పులిహోరనో, చక్కెరపొంగలినో ఆకుదొన్నెతో సహా గోమాత ముందుంచి, నమస్కరించి, తృప్తితో వెళ్తారు. మరికొందరు మొక్కుబడిగా ఆవునో, దూడనో సమర్పిస్తారు. ఈ భావం పవిత్రమైనది, సందేహం లేదు. అయితే భావం పవిత్రమైనంత మాత్రాన క్రియ సఫలం కాదు. దేశం, కాలం, పాత్రం, ద్రవ్యం అనే నాలుగూ కుదిరినప్పుడే అది దానమవుతుందని ధర్మశాస్త్రం చెబుతున్నది. గోవు విషయంలో మనం పాత్రను చక్కగా గుర్తించాము. ద్రవ్యాన్ని మాత్రం మరచిపోతున్నాము.

గోవుకు పెట్టవలసినది ఏది? అది ఎక్కడి నుండి వస్తుంది? ఇప్పుడు దానికి కొరత ఎందుకు వచ్చింది? దాతలు చేయదగినదేమిటి? ఈ నాలుగు విషయాలను వివరించడమే ఈ వ్యాసోద్దేశం. నేను శాస్త్రం చదువుకున్నవాడనే గాని పశువైద్యుడను కాను. అందుచేత శాస్త్రవిషయాన్ని గ్రంథాల నుండీ, పశువు శరీరధర్మాన్ని పశువైద్యులు చెప్పేదాని నుండీ గ్రహించి మనవి చేస్తున్నాను.

గోగ్రాసం అంటే ఏమిటి?

"గ్రాసం" అనే శబ్దం మింగుట అనే అర్థం గల ధాతువు నుండి పుట్టింది. గ్రాసమంటే కబళం, ఒక్క నోటికి పట్టేంత ముద్ద. గృహస్థుడు తాను భుజించడానికి ముందు దేవతలకు, పితరులకు, భూతాలకు, అతిథికి భాగం తీసినట్లే ఆవుకు కూడా ఒక కబళం తీయాలన్నది సంప్రదాయం. అదే గోగ్రాసం. ఇక్కడ భక్తులు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. ఆ కబళం ఒక ఇంటి నుండి ఒక ఆవుకు రోజుకు ఒక్కసారి అందేది. ఒక రోజులో వందలాది భక్తులు తలా ఒక దొన్నె చొప్పున అదే ఆవుకు అన్నం పెట్టడాన్ని శాస్త్రం విధించలేదు. కబళం కబళంగా ఉన్నంతవరకే అది గోగ్రాసం.

మహాభారతం అనుశాసనపర్వంలో గోసేవను గురించి విస్తారంగా చెప్పబడింది. అందులో ఒక వ్రతం ఉన్నది. తాను ఆహారం తీసుకోకముందే, తనది కాని ఆవుకు, ప్రతిదినం ఒక పిడికెడు గడ్డి చొప్పున సంవత్సరం పాటు పెట్టినవానికి సర్వకామాలూ ఫలిస్తాయని దాని తాత్పర్యం. ఆ నియమంలోని మూడు అంశాలను గమనించండి. మొదటిది, ఆవు తనది కాకూడదు. పాలు పిండుకొనే ఆశ అక్కడ లేదు. రెండవది, పెట్టవలసినది గడ్డి. అన్నం కాదు, భక్ష్యాలు కావు. మూడవది, ఒక పర్వదినాన కాదు, ఏడాది పొడవునా పెట్టాలి. గోశాలకు వచ్చే భక్తునికి ఇంతకంటె స్పష్టమైన విధి మరొకటి అక్కరలేదు.

భాగవతంలోని గోవర్ధనపూజా ఘట్టం భక్తులందరికీ తెలిసినదే. ఇంద్రయాగాన్ని మాన్పించి, గోవులకు ఆధారమైన గిరిని పూజించమని శ్రీకృష్ణుడు నందాదులకు బోధిస్తాడు. పాయసం మొదలైన నానావిధ వంటకాలు వండమంటాడు. ఆ అన్నాన్ని కుక్కల వరకు గల సకల ప్రాణులకూ యథాయోగ్యంగా పంచమంటాడు. గోవుల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం వాటికి గడ్డి పెట్టి, అటుపిమ్మట గిరికి బలి సమర్పించమంటాడు. వండిన పదార్థాలకు లోటు లేని ఆ వేళ, సాక్షాత్తు గోపాలుడే గోవులకు నిర్దేశించినది గడ్డి. యథాయోగ్యం అనే మాటకు అర్థమిదే. ఎవరి దేహానికి ఏది తగునో దానిని వారికి ఇవ్వడం.

వరి ఒక్కరి పంట కాదు

ఈ గడ్డి ఎక్కడి నుండి వస్తుంది? వరి పండే దేశంలో ఈ ప్రశ్నకు సమాధానం మన కంచంలోనే ఉన్నది. స్వామికి నివేదించే అన్నమూ, ఆవు మేసే గడ్డీ ఒకే మొక్క నుండి వచ్చినవి.

గోదావరి, కృష్ణా డెల్టాలలో పుట్టిపెరిగిన నా తరంవారికి ఇది చెప్పనక్కరలేని సంగతి. పట్టణాలలో పెరిగిన భక్తుల కోసం కొంచెం వివరిస్తాను. నూరు కిలోల ధాన్యాన్ని మరపడితే సుమారు అరవై అయిదు కిలోల బియ్యం వస్తుంది. ఇరవై కిలోల వరకు ఊక, ఎనిమిది కిలోల వరకు తవుడు వస్తాయి. మిగిలినది నూక, చిట్టు. బియ్యం మనిషికి, తవుడూ చిట్టూ పశువుకు, ఊక పొయ్యికి. ఇది గింజ పంపకం. ఇక గింజతో దాదాపు సమానమైన తూకంలోనో, అంతకు కొంత ఎక్కువగానో వరిగడ్డి వస్తుంది. అదంతా పశువు భాగం. అనగా ఒక వరిమొక్కను నిలువునా తూచి చూస్తే మనిషి వంతు కంటె పశువు వంతే ఎక్కువ. వరిని మనం మన పంట అంటున్నాము గాని, నిజానికది ఇద్దరి పంట.

పశువు ఆ వంతును ఊరికే తీసుకోలేదు. జ్యేష్ఠపూర్ణిమ నాడు ఏరువాకతో ఎద్దు మెడపై కాడి పెట్టింది మొదలు, దుక్కి, దమ్ము, బండి తోలకం, చివరకు కళ్ళంలో బంతి కట్టి నూర్చడం వరకు వరిసాగులోని ప్రతి దశలోనూ పశువు పాదముద్ర ఉండేది. ఆవు పేడ రోజుకు పది కిలోలకు తక్కువ కాదు. ఏడాదికి మూడున్నర టన్నులకు పైగా వస్తుంది. మాగిన తరువాత తూకం సగానికి తగ్గినా, సారం నిలుస్తుంది. ఆ ఎరువు తిరిగి చేనికి వెళ్ళేది. చేను గడ్డినిస్తే పశువు ఎరువునిచ్చేది. ఎరువు మళ్ళీ గింజనూ గడ్డినీ ఇచ్చేది. యజ్ఞచక్రమని పెద్దలు చెప్పేది అగ్నిహోత్రానికి మాత్రమే పరిమితం కాదు. కళ్ళానికీ కొట్టానికీ పొలానికీ మధ్య తిరిగిన ఈ చక్రం కూడా యజ్ఞమే.

డెల్టా రైతు పశువుకు గడ్డితోనే సరిపెట్టలేదు. వరిచేను కోతకు రాకముందే నిలువు చేలో మినుములో, పెసలో, పిల్లిపెసరో చల్లేవాడు. వరి కోసిన తరువాత ఆ తేమతోనే పైరు పెరిగేది. పిల్లిపెసర పశువుకు పచ్చిమేత. మిగిలినదానిని కలియదున్నితే నేలకు పచ్చిరొట్ట ఎరువు. ఎండుగడ్డిలో లేని మాంసకృత్తులను ఈ పచ్చిమేత పూరించేది. పశుపోషణ శాస్త్రాన్ని పుస్తకంలో చదవని రైతు దానిని చేలో రాసుకున్నాడు.

కృషిపరాశరం చెప్పిన ధర్మం

వరిసాగునే ప్రధానంగా చెప్పే "కృషిపరాశరం" అనే సంస్కృత గ్రంథం ఉన్నది. వర్షలక్షణం, విత్తనసంరక్షణ, నాట్లు, కోత మొదలైనవాటితో పాటు పశువుల పోషణకు అందులో ప్రత్యేకస్థానం ఉన్నది. వాహనపశువులను పీడించకుండానే సేద్యం చేయాలని ఆ గ్రంథం శాసిస్తుంది. పశువును పీడించి సంపాదించిన పంట సర్వకర్మలలోనూ నింద్యమైనదని అంటుంది. అనగా అటువంటి ధాన్యంతో చేసిన నైవేద్యమూ, శ్రాద్ధమూ దోషయుక్తమే. అన్నశుద్ధిని మనం మడి, ఆచారాల దగ్గర మొదలుపెడుతున్నాము. పరాశరుడు దానిని కాడి దగ్గర మొదలుపెట్టాడు.

నాగలికి ఎనిమిది ఎద్దులుండడం ధర్మమనీ, ఆరు బ్రతుకుతెరువు కోసం చేసేవానికి తగినవనీ, నాలుగు క్రూరుల పద్ధతి అనీ, రెండే ఎద్దులతో దున్నించేవాడు గోభక్షకునితో సమానమనీ చెప్పబడింది. ఎద్దులను మార్చి మార్చి కట్టి, విశ్రాంతినివ్వాలని దీని భావం. ఇదే మాట పరాశరస్మృతిలోనూ ఉన్నది. ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కాడికి కట్టరాదని ఆ స్మృతి మరింత స్పష్టంగా చెబుతుంది. పేడ, మూత్రాలు ఒంటికి అంటుకొని పశువులు కొట్టం నుండి బయటకు వస్తుంటే, అక్కడ ఎంత మేత పెట్టినా ప్రయోజనమేమిటని కృషిపరాశరం ప్రశ్నిస్తుంది. మాఘమాసంలో పేడకుప్పను శ్రద్ధతో పూజించి, తవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణంలో ప్రతి మడిలోనూ గుంట తీసి అందులో ఉంచాలనీ, ఎరువు లేని పైరు పెరిగినా ఫలించదనీ కూడా ఆ గ్రంథం బోధిస్తుంది. పేడకుప్పకు పూజ! ఎరువును అంత గౌరవించిన వ్యవసాయం అది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యవసాయానికి సీతాధ్యక్షుడు, పశువులకు గోఽధ్యక్షుడు అని వేరువేరు అధికారులు చెప్పబడ్డారు. పనిచేసే ఎద్దుకు ఎంత గడ్డి, ఎంత తెలకపిండి, ఎంత తవుడు, ఎంత ఉప్పు ఇవ్వాలో కొలతలతో సహా నిర్దేశించబడింది. మన పూర్వులు గోభక్తిని స్తోత్రాలకే వదిలిపెట్టలేదు. తూకం వేసి చూశారు.

లంకె ఎక్కడ తెగింది?

ఇంత గట్టి బంధం ఒక్కనాడు తెగలేదు. ఎవరో ఒకరు చేసిన తప్పు వల్లనూ తెగలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తయినప్పటి నుండి డెల్టాలో వరి విస్తరించింది. అన్నానికి లోటు తీరింది, అది మహోపకారం. కాలువ నీరు అందినచోట బీడులూ మాగాణులయ్యాయి. పశువు స్వేచ్ఛగా తిరిగి మేసే చోటు తగ్గి, వరిగడ్డి మీద ఆధారం పెరిగింది. ఆ తరువాత 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టిరకాన్ని విడుదల చేసింది. ఆ మరుసటి ఏడే పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి చూపారు. పొట్టిరకాలు గాలికి పడిపోవు. ఎరువు వేసినకొద్దీ గింజనిస్తాయి. దేశం కరవుభయం నుండి బయటపడడానికి అవి తోడ్పడ్డాయి. కాని మొక్క పొట్టిదైతే గింజతో పోల్చినప్పుడు గడ్డి పాలు తగ్గుతుంది. ఆకాశమంత ఎత్తు గడ్డివాములు అప్పటి నుండే కుంచించుకుపోయాయి.

పిమ్మట ట్రాక్టరు వచ్చి ఎద్దును కాడి నుండి తప్పించింది. పశువు కష్టం తీరిందని సంతోషించవలసినదే. కాని పని లేని ఎద్దుకు కొట్టంలో చోటు కూడా లేకపోయింది. 2012 పశుగణనలో దేశంలోని గోజాతిలో మగపశువులు సుమారు 6 కోట్ల 80 లక్షలు. 2019 గణన నాటికి అవి సుమారు 4 కోట్ల 75 లక్షలు. అదే కాలంలో ఆడపశువులు సుమారు 12 కోట్ల 30 లక్షల నుండి 14 కోట్ల 50 లక్షలకు పెరిగాయి. సృష్టిలో ఆడ, మగ దూడలు దాదాపు సమానంగానే పుడతాయి. ఈ అంకెలలో కనిపించని మగదూడలు ఏమయ్యాయో ఆలోచించవలసిన బాధ్యత గోపూజ చేసే ప్రతివారికీ ఉన్నది.

చివరకు కోతయంత్రం వచ్చింది. మనిషి కొడవలితో కోసి, పనలు వేసి, ఆరబెట్టి, కుప్ప నూర్చి, వాము వేసినప్పుడు గడ్డి గడ్డిగా మిగిలేది. యంత్రం కోసినప్పుడు గడ్డి తునిగి చేలో చెల్లాచెదురుగా పడుతుంది. దానిని ఏరి కట్టలు కట్టే యంత్రం అందుబాటులో లేనిచోట, తరువాతి పంటకు తొందరపడే రైతు నిప్పు పెడుతున్నాడు. రైతును నిందించి ప్రయోజనం లేదు. కూలీ దొరకదు, ఇంట పశువు లేదు, దాళ్వాకు గడువు ముంచుకొస్తుంది. కాని ఆ మంటలో గడ్డిలోని నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోతుంది. పశువు నోటి దగ్గరి ముద్ద బూడిదవుతుంది. ఒకవైపు చేలో గడ్డి తగలబడుతుండగా, మరొకవైపు గోశాలల నిర్వాహకులు గడ్డి కోసం దూరప్రాంతాలకు లారీలు పంపుతున్నారు. మన కాలపు వైపరీత్యమిది.

అన్నం ఎందుకు పెట్టరాదు?

గడ్డి కరవైనప్పుడు అన్నం పెడితే తప్పేమిటని కొందరు అడుగుతారు. దీనికి సమాధానం ఆవు కడుపులో ఉన్నది.

ఆవు జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయి. మొదటిదైన పెద్దపొట్ట ఒక పెద్ద గాదె వంటిది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తూ, మనిషికి అరగని గడ్డిపీచును మెల్లగా పులియబెట్టి పశువుకు శక్తిగా మారుస్తాయి. ఆవు రోజుకు ఆరేడు గంటలు నెమరు వేస్తుంది. అలా నమిలేటప్పుడు ఊరే లాలాజలం వంద లీటర్లకు పైమాటే. అది క్షారగుణం కలది. పొట్టలో పుట్టే పులుపును ఎప్పటికప్పుడు విరుస్తుంది. పీచు ఉంటేనే నెమరు, నెమరు ఉంటేనే లాలాజలం, లాలాజలం ఉంటేనే పొట్ట నెమ్మది.

అన్నం, పొంగలి, బియ్యం, పిండివంటలు, అధికంగా అరటిపండ్లు, బెల్లం పడినప్పుడు ఈ క్రమమంతా తారుమారవుతుంది. వాటిలో నమలవలసిన పీచు లేదు. అవి అతివేగంగా పులిసి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు ఆ ఆమ్లానికి నశిస్తాయి. ఆవు మేత మానుతుంది, నెమరు ఆగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, పశువు కూలబడుతుంది. సకాలంలో వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజులలో ప్రాణమే పోవచ్చు. విందుభోజనాలలో మిగిలిన అన్నాన్ని పుణ్యమని గంపలతో తెచ్చి పోసిన తరువాత పశువులు చనిపోయాయన్న వార్తలు మనం వింటూనే ఉన్నాము. పెట్టినవారెవరూ పాపబుద్ధితో పెట్టలేదు. కాని గోవు చనిపోయిన తరువాత వారి సంకల్పంతో ఆ గోవుకు పనిలేదు.

ప్రసాదాన్ని నిరాకరిస్తున్నానని ఎవరూ భావించవద్దు. ప్రసాదం మనుష్యునికి. దానిని స్వీకరించవలసినది మనం. మిగిలితే పంచవలసినది తోటి మనుష్యులకు. గోవు ప్రసాదం గడ్డి.

గోదానం: నచికేతుని ప్రశ్న

ఇక దాతల విషయం. కఠోపనిషత్తు ప్రారంభమే ఒక గోదానంతో అవుతుంది. వాజశ్రవసుడు యాగం చేసి సర్వస్వాన్నీ దానం చేస్తున్నాడు. దక్షిణలుగా తోలుకొనిపోతున్న ఆవులను అతని కుమారుడు నచికేతుడు చూశాడు. అవి తాగవలసిన నీరు తాగేశాయి, మేయవలసిన గడ్డి మేసేశాయి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేశాయి, ఈనే శక్తి ఉడిగిపోయింది. ఇటువంటివాటిని ఇచ్చేవానికి ఆనందం లేని లోకాలే గతి అని ఆ బాలునికి తోచింది. అప్పుడే "నన్ను ఎవరికిస్తావు?" అని తండ్రిని అడిగాడు. బ్రహ్మవిద్య అంతా ఆ ప్రశ్న నుండి వెలువడింది. ఉపనిషత్తులోని ఆత్మవిద్యను గ్రహించే ముందు, దాని ముంగిట నిలిచిన ఈ బక్కచిక్కిన ఆవులను కూడా మనం చూడాలి.

వట్టిపోయిన ఆవును గోశాల ద్వారం వద్ద కట్టి వెళ్ళిపోవడం దానం కాదు, వదిలించుకోవడం. గోశాల దానిని కాదనదు. వృద్ధగోవుల సంరక్షణ కూడా దాని ధర్మమే. కాని ఇచ్చేవారు దాని మిగిలిన ఆయుష్షుకు గ్రాసం కూడా సమకూర్చినప్పుడే అది దానమవుతుంది.

దూడల విషయం ఇంకా సున్నితమైనది. వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిలో కోడెమొక్కు, సింహాచలం అప్పన్నకు కోడెదూడల సమర్పణ తెలుగుదేశంలో ప్రసిద్ధమైన ఆచారాలు. పితృకర్మలో వృషోత్సర్జనం కూడా ఈ కోవలోనిదే. ముద్ర వేసి వదిలిన ఆ వృషభం నుండే "అచ్చోసిన ఆంబోతు" అనే పలుకుబడి మనకు వచ్చింది. ఆనాడు ఊరికి మేతబీడు ఉండేది. ఆ ఆంబోతు ఏ చేలో నోరు పెట్టినా రైతు కర్ర ఎత్తేవాడు కాదు. ఊరంతా కలిసి దానికి గ్రాసం ఇచ్చినట్లే. నేడు బీడు లేదు, ఆ సహనమూ లేదు. మొక్కు మిగిలింది, దానిని మోసిన ఊరు మారింది.

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. తల్లిపాలు మానని దూడను ఏ దేవునికీ సమర్పించకండి. పుట్టిన కొన్ని గంటలలోనే దూడకు జున్నుపాలు అందాలి. రోగాలనెదిరించే శక్తి వాటి నుండే వస్తుంది. తరువాత రెండు మూడు నెలల పాటు దాని బరువులో సుమారు పదవ వంతు పాలు రోజూ కావాలి. అప్పటికి దాని పెద్దపొట్ట ఇంకా తయారుకాదు; గడ్డి వేసినా అరగదు. సంతలో కొన్న పసిదూడను తల్లి నుండి విడదీసి, బండిలో ఎండలో తెచ్చి, స్వామికి అప్పగించి వెళ్తే, ఆ దూడ బ్రతకడం కష్టం. స్వామి మన మొక్కును స్వీకరిస్తాడు గాని, దూడ ఆకలిని తీర్చే పని మన మీదనే ఉంచాడు. మొక్కు చెల్లించవలసివస్తే మేత మేస్తున్న కోడెనో, తల్లితో కూడిన దూడనో గ్రాసంతో సహా సమర్పించండి.

దాతలు, యాత్రికులు చేయదగినవి

ఎంత గ్రాసం కావాలో లెక్క తెలిస్తే సంకల్పం సులభమవుతుంది. ఒక ఆవుకు రోజుకు సుమారు ఆరు కిలోల ఎండుగడ్డి, పదిహేను కిలోల పచ్చిమేత, కొంత దాణా కావాలి. నలభై యాభై లీటర్ల నీరు కావాలి. రోజుకు ఆరు కిలోలంటే ఏడాదికి రెండు టన్నులకు కొంచెం పైన. ఒక ఎకరం వరిచేను ఇచ్చే గడ్డి కూడా దాదాపు రెండు టన్నులే. అనగా ఒక ఎకరం గడ్డి ఒక ఆవుకు ఏడాది జీవనం. నూరు గోవులున్న గోశాలకు నూరు ఎకరాల గడ్డి కావాలి. ఈ లెక్క గుర్తుంచుకున్న రైతు చేలో నిప్పు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడని నా ఆశ. ఆ అగ్గిపుల్ల కాల్చేది ఒక ఆవు సంవత్సరాన్ని.

వరి పండించే భక్తులు కోత కాగానే తమ చేలోని గడ్డిని కట్టలు కట్టించి సమీప గోశాలకు అందించవచ్చు. ఒక్కరికి భారమైతే పక్క చేలవారు కలిసి యంత్రాన్ని తెప్పించుకోవచ్చు. గడ్డి బాగా ఆరిన తరువాతనే కట్టాలి. తడిసి నల్లబడిన, బూజుపట్టిన గడ్డి దానానికి పనికిరాదు. అది పశువుకు రోగం తెస్తుంది.

ధనరూపంలో ఇచ్చే దాతలు సార్వా కోతలు ముగిసే మార్గశిర, పుష్యమాసాలలో గ్రాసానికి ఇస్తే ఎక్కువ ప్రయోజనం. అప్పుడు గడ్డి విరివిగా దొరుకుతుంది. నిర్వాహకులు ఏడాదికి సరిపడా వాము వేసుకోగలుగుతారు. వేసవిలో అదే గడ్డి ప్రియమవుతుంది. కార్తికశుక్లాష్టమి నాటి గోపాష్టమికి పూలదండలు తెచ్చే భక్తులు, కనుమ నాటికి ఒక గడ్డికట్ట తెస్తామని సంకల్పించుకోవచ్చు. కనుమ పశువుల పండుగ. కొత్త పంట ఇంటికి చేరిన ఆ వేళ పశువు వంతు పశువుకు ముట్టజెప్పడమే ఆ పండుగ తాత్పర్యం.

వరిగడ్డి ఒక్కటే చాలదని కూడా దాతలు తెలుసుకోవాలి. అది కడుపు నింపుతుంది గాని అందులో మాంసకృత్తులు స్వల్పం. పచ్చిజొన్న, మొక్కజొన్న, అలసంద, అవిశ వంటి పచ్చిమేత తోడు కావాలి. తవుడు, తెలకపిండి, ఉప్పు, లవణమిశ్రమం కొద్దికొద్దిగా కావాలి. భూమి ఉన్న దాతలు కొంత భాగాన్ని పచ్చిమేత సాగుకు గోశాలకు ఇస్తే అది తరతరాలకు నిలిచే దానం.

యాత్రికులకు నా విన్నపాలు కొన్నే. గోశాలలో ఉన్నవారిని అడగకుండా ఏదీ పెట్టవద్దు. వారు ఇచ్చిన పచ్చిగడ్డి పరకలను పిడికెడు పెట్టండి. అదే భారతం చెప్పిన వ్రతం. పండు పెట్టదలిస్తే ఒకటి చాలు. ప్లాస్టిక్ సంచిలో ఏదీ తీసుకొని వెళ్ళవద్దు. తిండివాసన తగిలిన సంచిని ఆవు అలాగే మింగుతుంది. అది పొట్టలోనే ఉండిపోయి మెల్లగా చంపుతుంది. దారంతో కట్టిన దండలను మెడలో వేసి వదలకండి. పసుపుకుంకుమలు కంట పడకుండా నుదుట చిన్న బొట్టు పెట్టండి. పెట్టడానికి ఏమీ లేకపోతే ప్రదక్షిణం చేసి నమస్కరించండి; ఖాళీ చేతులతో చేసిన నమస్కారం దోషం కాదు.

గోవును మనం తల్లి అంటున్నాము. తల్లికి పట్టుచీర పెట్టి, పూజించి, అన్నవేళకు కంచం చూడని కొడుకును లోకం ఏమంటుందో మనకు తెలుసు. ఈ పుష్యమాసంలో మన దేవస్థానానికి వచ్చే ప్రతి కుటుంబమూ ఒక ఆవుకు ఒక నెల గ్రాసం అనే సంకల్పం చేసుకుంటే గోశాలలో వేసవి భయం ఉండదు. ఒక నెల గ్రాసమంటే నూట ఎనభై కిలోల వరిగడ్డి. మనం తిన్న అన్నానికి తోబుట్టువు ఆ గడ్డి. అన్నం మన ఇంటికి చేరింది. గడ్డిని కూడా దాని ఇంటికి చేర్చుదాము.

శుభం భూయాత్.